పసుపుతాడు కట్టిన ఫ్లాపీ

1987. దసరా వెళ్లిన మూడో రోజు. హార్బర్ గేటు దగ్గర పేర్లు పిలిచే రెండు గంటల సైరన్‌కి ఇంకా ఇరవై నిమిషాలే ఉంది.

జాబితాలో పేరుంటేనే హాజరు. వరసగా మూడు పిలుపులు హాజరు పడకపోతే కాంట్రాక్టరు మస్టరు పట్టీలోంచి పేరు కొట్టేస్తాడు. ఓడ సరుకు మోసే కళాసీ తాతబాబు రెండు రోజులూ గేటు దగ్గరే నిలబడ్డాడు. జాబితాలో పేరు లేదు. అంటే రానట్టే!

"బావా, నీ పేరు ఆ కంప్యూటర్ డబ్బా మింగేసింది. ఇంకో టెంకాయ కొట్టు," అన్నాడు తోటి కళాసీ పోలిరాజు.

తాతబాబు ఆఫీసు కిటికీ దగ్గరికెళ్లాడు. "అమ్మా, ఏటిది? మా పదకొండుమందివీ లేవు!"

లోపల కంప్యూటర్ దగ్గరున్న గౌరీశ్వరి జాబితా లాక్కుని చూసింది. జాబితా ప్రోగ్రాం రాసింది ఆమే. కొత్తగా చేరినవాళ్లను వదిలేస్తోందని కనిపెట్టి, సెలవులకు ముందే సరిచేసింది. కానీ అప్పటికి బీరువాలో ఉండే అసలు ఫ్లాపీ ఆయుధపూజలో కూర్చుంది. కుంకుమ బొట్టు, పసుపుతాడు. ముట్టుకోవద్దన్నాడు మేనేజరు అర్జునరావు. సరిచేసిన కాపీని సంచిలో వేసుకుని, ఎవరికీ చెప్పకుండా ఆనందపురం వెళ్లిపోయింది. పండగయ్యాక ఆయన తాడు విప్పి పాతదే నడిపించాడు. బీరువాకు చేరని దిద్దుబాటు ఎవడికి ఉపయోగం?

"సార్, పాతది నడుస్తోంది. జాబితా మళ్లీ తీయాలి," అంది పక్క బల్ల దగ్గరున్న అర్జునరావుతో.

"సంతకమైపోయింది. మళ్లీ తీస్తే తప్పు మనదని ఒప్పుకున్నట్టు కాదూ?"

"తప్పు మనదే కదండీ."

"వాళ్లు రాలేదని రాసేస్తే పోద్ది."

"రాలేదా?" కిటికీ ఊచలు పట్టుకుని అరిచాడు తాతబాబు. "నాను ఇక్కడే ఉన్నాను బాబూ! నా మొకం అగుపించట్లేదా?"

ఆమె సంచిలోని ఫ్లాపీ తీసి మిషన్లో పెట్టింది.

"ఉద్యోగం పోద్ది, గౌరీ!"

"పోతే పోనీండి."

ప్రింటరు కీచుమంటూ మొదలెట్టింది. సైరన్‌కి ఎనిమిది నిమిషాలు. కాగితం ఇరుక్కుంది. లాగి సరిచేసింది. అయిదు. ఈలోగా బీరువాలోని ఫ్లాపీల లెక్క పుస్తకంలో రాసింది: ఏ తేదీన ఏం మార్చిందో, బీరువాలో ఎందుకు పెట్టలేదో, కింద తన పేరు. పెన్ను ఆయన ముందుకు తోసింది.

"పాతది మూడు రోజులు నడిపించామని మీరూ రాయండి."

కిటికీ బయట పదకొండు మొహాలు. అర్జునరావు వాటివంక చూసి, పళ్లు కొరుకుతూ ఆ మాట రాసి, పాత జాబితా మీద రద్దని, కొత్తదాని మీద సరేనని సంతకం పెట్టాడు.

సైరన్ మోగింది. గేటు గుమాస్తా కొత్త కాగితం విప్పాడు.

"తాతబాబూ!"

"ఉన్నాను! ఉన్నాను! ఉన్నాను!"

"ఒక్కసారి చాలదేటి?"

"మూడు రోజులదీ బాబూ."