గట్టు దాటిన నత్తలు

మా ఊళ్లో ఆదివారం అన్నం పళ్లేల్లో పెట్టుకోం. కుందేలు మాంసం, నత్తలు వేసి నారింజ కట్టెల మంట మీద వెడల్పాటి పెనంలో వండి, పెనాన్నే బల్ల మీద దించి, చుట్టూ కూర్చుని కొయ్య చెంచాలతో తింటాం. ఎవరి ముందున్న భాగం వాళ్లది. పక్కవాళ్ల వైపు చెంచా పోకూడదు.

నా బావమరుదులు బాతిస్తా, సెందో ఈ మర్యాదని మరీ గట్టిగా పట్టుకున్నారు. వంతు నీళ్ల దగ్గర తగువొచ్చి చలికాలం నుంచి వాళ్ల మధ్య మాటల్లేవు. అయినా ఇద్దరూ భోజనానికొచ్చి పక్కపక్కనే కూర్చుంటారు. మధ్యలో అన్నం గట్టు మిగిల్చి లేస్తారు. పొలంలో కూడా అంత తిన్నని గట్టు వాళ్లెప్పుడూ వేయలేదు. అది చూస్తే నా భార్య కొన్సోల్‌కి ముద్ద దిగదు. ఈ ఆదివారం కూడా తమ్ముళ్లు మాట్లాడుకోకపోతే ఇక ఇద్దర్నీ పిలిచేది లేదంది. అంటే చేసే మనిషే.

ఆ వారం మా మేడ గదిలో ఇంగెర్ అనే స్వీడన్ టీచరు దిగింది. పొద్దున పాత కోట గోడ దాకా నడక, మధ్యాహ్నం తలుపులు మూసుకుని నిద్ర, సాయంత్రం సముద్రం. మా ఊళ్లో సెలవులంటే అంతే. ఆమెకదే నచ్చింది. మా భాష కాస్త వచ్చు. కొన్సోల్ ఆమెనీ భోజనానికి పిలిచి, తమ్ముళ్లిద్దరి మధ్యా కూర్చోబెట్టింది.

రోడ్డు మీద ఎవరిదో ట్రాక్టరు పోతుంటే అన్నదమ్ములిద్దరూ అటు తిరిగారు. ఆ సందులో ఇంగెర్ తన వంతు నత్తలన్నీ నెమ్మదిగా బాతిస్తా వైపు తోసేసింది. నేను చూశాను.

బాతిస్తా తలతిప్పి ఆ కుప్పని చూశాడు. నత్తలు తినని మనిషి ఉంటుందన్న ఊహ మావాళ్లకి లేదు. కాసేపు ఆలోచించి, తన భాగంలోని కుందేలు కార్జం తీసి, ఇంగెర్ ముందు నుంచి దాటించి సెందో వైపు పెట్టాడు.

"ఏంటన్నా ఇది?" అన్నాడు సెందో. అన్నా అన్న మాట తెలియకుండానే వచ్చేసింది.

"నువ్వు నత్తలిస్తే నేను ఊరుకుంటానేంట్రా?"

"నేనెప్పుడిచ్చాను?"

"ఇచ్చి కూడా ఒప్పుకోడు. చిన్నప్పట్నుంచీ ఇంతే, మొండిఘటం."

"మొండి నేనా? నా వంతు అవకుండానే తూము మూసిందెవరు?"

ఇంగెర్ ఏదో చెప్పబోయింది. నేను ఆమె చేతికి రొట్టె ముక్క అందించి, తినండమ్మా, చల్లారిపోతుందన్నాను.

అడుగున అంటిన మాడు గీకే వేళకి వాళ్ల గొంతులు వీధి చివరిదాకా వినపడుతున్నాయి. తూమెంత ఎత్తాలో అక్కడే తేల్చుకుందామని ఎర్రటెండలో ఇద్దరూ కాలువకి బయల్దేరారు.

"దెబ్బలాడుకుంటున్నారా?" ఇంగెర్ భయంగా అడిగింది.

"లేదు, మాట్లాడుకుంటున్నారు" అన్నాను.

కొన్సోల్ గుమ్మంలోకి వెళ్లి, వచ్చే ఆదివారం కట్టెలు వాళ్లే తేవాలని తమ్ముళ్ల వెనక కేకేసింది.