కారులో విన్న పాట

ఆ ఏడు వేసవిలో నా ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే జనం మొదట అయ్యో పాపం అంటారు, ఆ మర్నాడు నా చోట నిలబెట్టడానికి ఇంకో పిల్లను వెతుకుతారు. తమ్ముడి పక్కన పాడడం తప్ప నాకు ఈ లోకంలో ఇంకో పని లేదు, ఇంకో పని మీద ఆశా లేదు.

మా తమ్ముడు ఓర్వల్, నేను ఒకే మైకు ముందు నిలబడతాం. వాడు పాట పాడుతుంటే నేను పైస్థాయిలో వాడి మాటకు మాట కలుపుతాను. ఏ మాటను ఎక్కడ సాగదీస్తాడో, ఎక్కడ తుంచేస్తాడో వాడికే తెలియదు. అందుకని నేను వాడి దవడ చూస్తూ పాడతాను. అది కదిలితే నా నోరూ కదులుతుంది. చెవి పోయాక కుడివైపు వాడుండేలా చోటు మార్చుకున్నాను. అడిగితే, అటువైపు గాలి బాగా వస్తుందన్నాను.

చెవి పోయిందని ఆశ్చర్యం ఎందుకు? మా ఊరు బేకర్స్‌ఫీల్డ్ పాట జోలపాట కాదు. మా జనం ఓక్లహోమాలో దుమ్ముతుఫాన్లకు దుమ్ము తిని, ఇక్కడికి కాలిఫోర్నియాకొచ్చి పత్తి ఏరి, నూనెబావుల దగ్గర ఒళ్లు హూనం చేసుకుని, శనివారమైతే బీరుసీసాలతో డాన్సుహాలుకొస్తారు. బూట్ల చప్పుడు, అరుపులు, నడుమ నడుమ తన్నులాటలు. ఆ గోలలో పాట నిలబడాలంటే గిటారు తీగ సూదిలా దిగాలి, డ్రమ్ము గూడ్సుబండిలా తోసుకుపోవాలి. వయొలిన్లు డజన్ల కొద్దీ పెట్టి తేనె పూయడం నాష్‌విల్ వాళ్ల సరదా. మా దగ్గర ఒకటే ఫిడేలు, అదీ కీచుమనాలి. వాటి మధ్య నేను ఏళ్ల తరబడి నిలబడ్డాను.

లాస్ ఏంజిలస్ నుంచి క్రెన్‌షా అనే ఆయన రికార్డు చేయడానికి వచ్చాడు. సామాన్ల కొట్టు వెనక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, ఓర్వల్‌కీ నాకూ మధ్య చెక్కతడక నిలబెట్టాడు. చెరో మైకు పెట్టాడు. ఇక వాడి దవడ నాకు కనబడదు.

"ఇదేంటండీ, అక్కాతమ్ముళ్ల మధ్య గోడలాగ?" అన్నాను.

"గొంతులు కలిసిపోకూడదమ్మా. విడివిడిగా ఉంటే తర్వాత సర్దుకోవచ్చు."

"కలవడానికే కదా పాడేది!"

మొదలుపెట్టాం. తడక అవతల నుంచి వాడి గొంతు దుప్పటి కప్పుకున్నట్టు వస్తోంది. ఊహించి పాడాను. ఆలస్యమైంది. మళ్లీ పాడాను, ఈసారి తొందరపడ్డాను. క్రెన్‌షా యంత్రం ఆపేశాడు.

"మీ అక్కకి ఒంట్లో బాగాలేదేమో. నాకు తెలిసిన అమ్మాయి ఒకతి ఉంది, స్వరాల కాగితం చూసి ఇట్టే పాడేస్తుంది."

స్టీల్ గిటారు ముందు కూర్చున్న హోయిట్ మా నాన్న ఈడువాడు, మాకు బాబాయ్ లెక్క. నోట్లో పొగాకు నములుతూ గొణిగాడు.

"ఈయనకి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. ఒరే ఓర్వల్, ఆ తడక లాగి అవతల పారేయ్‌రా."

ఓర్వల్ తడక లాగేశాడు. "మా అక్క పాడితేనే నా పాట. ఒక మైకు తీసేయండి, మాకు ఒకటి చాలు" అన్నాడు. క్రెన్‌షా గొణుక్కుంటూ తీసేశాడు. ఈసారి వాడి దవడ నా కళ్ల ముందుంది. పాట మొదటి నుంచి చివరి దాకా సాఫీగా సాగిపోయింది. హోయిట్ బాబాయ్ టోపీ పైకెగరేశాడు. బతికిపోయాను అనుకున్నాను.

మా ఊళ్లో పాట బాగుందో లేదో షెడ్డులో తేల్చరు, కారులో తేలుస్తారు. మా జనం పాటలు వినేది కారు రేడియోలోనే. అందులో గట్టిగా వినిపించకపోతే అది పాటే కాదు. షెడ్డు కిటికీలోంచి వైరు లాగి హోయిట్ బాబాయ్ పాత ఫోర్డులో చిన్న స్పీకరు పెట్టారు. ఆయన ముందు సీట్లో, నేనూ ఓర్వలూ వెనక. అద్దాలు ఎత్తేశాం. లోపల ఉడికిపోతోంది.

పాట వచ్చింది. డ్రమ్ము వచ్చింది. ఓర్వల్ గొంతు వచ్చింది. నేను అందుకునే చోటు వచ్చింది. నేను రాలేదు.

తర్వాతి వరుసలోనూ రాలేదు. వాడొక్కడే పాడుకుపోతున్నాడు. బాబాయ్ స్టీరింగు మీద దరువేస్తూ నవ్వుతున్నాడు. ఓర్వలూ నవ్వుతున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కాగితం పిల్ల కోసం ముందే చోటు ఖాళీ చేశారన్నమాట! తలుపు తన్ని దిగాను.

"క్రెన్‌షా గారూ! బయటికి రండి! నా గొంతు తీసేయడానికి ఎంత ధైర్యం మీకు? ఎదురుగా చెప్పడానికి నోరు రాలేదా? ఇక్కడ వీళ్లిద్దరూ కూర్చుని ఇకిలిస్తున్నారు, సిగ్గు లేదూ?"

ఆయన గుమ్మంలోకి వచ్చాడు. నా వెనక కారు తలుపు తెరిచి ఉంది, పాట ఇంకా నడుస్తోంది. ఆయన కారు వంక, నా వంక చూశాడు.

"ఒకటే మైకు కదమ్మా" అన్నాడు నెమ్మదిగా. "మిమ్మల్ని తీస్తే ఆయన కూడా పోతాడు."

బాబాయ్ దరువు ఆగింది. పాడుతున్నప్పుడు నా గొంతు నాకు పుర్రె లోపలి నుంచి వినిపిస్తుంది. బయటి నుంచి విని ఎంత కాలమైందో నాకే తెలియదు. ఇన్నాళ్లూ తెలిసింది ఎడమ చెవి సంగతి ఒక్కటే; కుడి చెవి కూడా పైస్థాయిని వదిలేస్తోందని ఇప్పుడు తెలిసింది.

ఓర్వల్ కారు దిగాడు. నవ్వు పోయింది, మొహం తెల్లబడింది.

"అక్కా, పాటంతా నువ్వే ఉన్నావే. గొంతు ఖంగుమంటోంది. వినపట్లేదా?"

పాట చివరికొచ్చింది. వాడి కళ్లల్లో నీళ్లు చూస్తే తెలిసింది, అక్కడ నేను బాగా పాడానని.

"నువ్వొక్కడివే వినపడుతున్నావురా" అన్నాను.