పేజీ కింద పేరు

మార్చి తొమ్మిది. గుడ్ల కూర, రొట్టె, టమాటా సూప్. మా ఆయన ఆఫీసు స్నేహితుడు భోజనానికి వచ్చాడు. రెండోసారి వడ్డించుకుంటూ, "అబ్బ, కూర అదిరిందండీ" అన్నాడు. "థ్యాంక్స్" అన్నాడు మా ఆయన. ఉల్లిపాయల ఘాటుకి ఎర్రబడ్డ కళ్ళతో నేను పక్కనే గరిటె పట్టుకుని ఉన్నాను. తమాషాకి అనలేదు, నిజంగానే అందుకున్నాడు. అత్తగారు రొట్టె తుంచడం ఆపి కొడుకు వంకా, నా వంకా చూసింది. ఆవిడ చూపు ఎప్పుడూ అంతే. నా తప్పేదో పట్టేసినట్టు ఉంటుంది.

మర్నాడే ఆఫీసులో సారు పిలిచాడు.

మా కంపెనీ ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ యంత్రాలు తయారుచేస్తుంది. వాటిని ఎలా వాడాలో, అలారం మోగి కూత పెడితే ఏం చేయాలో చెప్పే పేజీలు రాయడం నా పని. ఇన్నాళ్ళూ అవన్నీ ఒక లావుపాటి ఫైలుగా చేసి యంత్రంతో పాటు పంపేవాళ్ళం. ఒక్క వాక్యం మారాలన్నా మళ్ళీ కొత్త ఫైలు. ఇప్పుడొక సర్వర్ సాఫ్ట్‌వేర్ చూశారు. పేజీలన్నీ మా సర్వర్‌లోనే ఉంటాయి. ఎవరైనా ఫోనులో తెరిచి వెతుక్కోవచ్చు, కింద అభిప్రాయం కూడా రాయవచ్చు.

"ఓ నెల వాడి చూడమ్మా. కొనాలో వద్దో నువ్వే తేల్చు. నీ మాటే ఫైనల్" అన్నాడు.

నీ మాటే ఫైనల్! నా కుర్చీ ఓ మూలకి జరిపినప్పుడు కూడా నన్ను అడగని మనిషి. నా మొదటి అనుమానం అక్కడే. లేవబోతుంటే అసలు సంగతి బయటపెట్టాడు. "ఇంకోటి. అందరికీ వేరే వేరే లాగిన్లు దండగ. నాది ఉందిగా, అందరూ అందులోంచే రాయండి. రిపోర్టులో అదే పెట్టు. మనమంతా ఒక టీమే కదమ్మా."

ఈ మాట ఇదివరకే ఎక్కడో విన్నాననిపించింది. మా ఇంటి తలుపుకి పేరు చెక్కించేటప్పుడు నాదీ పెట్టమన్నాను. "నేనూ నువ్వూ వేరా ఏంటి?" అన్నాడు మా ఆయన. వేరు కానప్పుడు ఎవరి పేరు మిగులుతుందో ఆ తలుపు చూస్తే తెలుస్తుంది.

మా విభాగంలో సీనియర్ పోస్టు ఖాళీ అవుతోంది. పోయినసారి నన్ను దాటి ఇంకొకతనికి ఇచ్చారు. "నువ్వు చేసిందేదీ విడిగా కనిపించట్లేదమ్మా" అన్నాడు సారు. అన్నీ ఆయన లాగిన్ నుంచే వెళితే ఇక ఎప్పటికీ కనిపించదు. పోనీ వేరే లాగిన్ అడుగుదామా అంటే, ఆ సాఫ్ట్‌వేర్ మీదా నమ్మకం కలగలేదు. ఏ మాట ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. ఊపిరితో ముడిపడ్డ యంత్రం. తప్పు దొర్లితే దాని కింద నా పేరే ఉంటుంది.

అలా సారు లాగిన్‌తోనే వాడి చూస్తున్న నెలలో ఒక విచిత్రం గమనించాను. యంత్రం కూత పెడితే ఏం చేయాలన్న నా పేజీని ఆఫీసులోంచే ఎవరో పదే పదే తెరుస్తున్నారు. సారే, తప్పులు వెతుకుతున్నాడనుకున్నాను. ఒక్కో కామా సరిచూస్తూ మళ్ళీ చదువుకున్నాను. చివరికి ఆ పేజీ అడుగున ఒక అభిప్రాయం కనిపించింది.

"మేం హెల్ప్‌లైన్ వాళ్ళం. భయపడి ఫోన్ చేసేవాళ్ళకి ముందుగా ఈ పేజీలో మొదటి వాక్యమే చదివి వినిపిస్తున్నాం. 'ముందు మనిషిని చూడండి, తర్వాత యంత్రాన్ని.' వెంటనే వాళ్ళ గొంతు నెమ్మదిస్తోంది. రాసినవాళ్ళెవరో చల్లగా ఉండాలి."

దాని కింద సారు పేరుతో జవాబు: "థ్యాంక్స్."

నాకు గుడ్ల కూర గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం భోజనాలయ్యాక బల్ల తుడిచి, రిపోర్టు పూర్తిచేయడానికి అక్కడే లాప్‌టాప్ తెరిచాను. వెనక అత్తగారి అలికిడి. మెడ మీద చూపు తగులుతూనే ఉంది.

"ఏం రాస్తున్నావే, మొహం అలా పెట్టుకుని?"

చెప్పకపోతే కొడుకుతో ఏమంటుందోనని అంతా చెప్పాను. హెల్ప్‌లైన్ వాళ్ళ అభిప్రాయం చదివాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ మాట నేనన్నదే కదే?"

మామగారి చివరి రోజుల్లో మా ఇంట్లో ఆ యంత్రమే ఉండేది. అది కూత పెట్టగానే నేను పరుగెత్తి మీటలు చూసేదాన్ని. "ముందు మనిషిని చూడవే! దాన్ని తర్వాత చూద్దువుగాని!" అని కేకేసేది. తిడుతోందనే అనుకున్నాను. ఆ మాట నా పేజీలోకి ఎప్పుడు వచ్చి కూర్చుందో నాకే తెలియలేదు. ఎవరైనా ఎదురుగా మెచ్చుకుని ఉంటే, థ్యాంక్స్ అని నేనూ అందుకునేదాన్నే.

"మీదే అత్తయ్యా" అన్నాను. మొహం వేడెక్కింది.

"పోనీలే, అక్కరకొచ్చింది కదా" అని నవ్వింది. "ఆ వేళ కూర నువ్వు వండితే, మెప్పు వాడందుకున్నాడు. నోటిదాకా వచ్చింది నాకు. బయటివాళ్ళ ముందు ఎందుకులే అని మింగేశాను."

ఇన్నాళ్ళూ నేను అపార్థం చేసుకున్న చూపు అది.

రిపోర్టులో రాశాను: "ఈ సాఫ్ట్‌వేర్ కొనవచ్చు. ఎవరి లాగిన్ వాళ్ళకి ఉండాలి. ప్రతి పేజీ కింద రాసినవాళ్ళ పేరు కనిపించాలి. అలా కాని పక్షంలో వద్దు." తప్పు దొర్లితే నన్నే పట్టుకుంటారు. పట్టుకోనీ. దిద్దేదీ నేనే. సారుకీ, ఆయన పైఅధికారికీ ఒకేసారి పంపేశాను.

తర్వాత ఆ పేజీ తెరిచి అడుగున నా పేరు టైప్ చేశాను. "అత్తయ్యా, మీ పేరు పూర్తిగా ఎలా రాయాలి?"

ఎవరూ అడగక చాలా కాలమైనట్టుంది. ఆవిడ ఒక్కో అక్షరమూ పట్టి పట్టి చెప్పింది. నా పేరు పక్కనే రాశాను.

గదిలోంచి మా ఆయన కేక. "ఇదిగో, నా చార్జర్ ఎక్కడ?"

లేవబోయాను. అత్తగారు నా భుజం నొక్కి కూర్చోబెట్టింది. "కళ్ళున్నాయిగా, వెతుక్కోరా!" అంది లోపలి వైపు తిరిగి. తనే వెళ్ళి వీధి తలుపు చప్పుడు కాకుండా మూసి గడియ పెట్టింది. తలుపు మీద చెక్కిన మా ఆయన పేరు బయటే ఉండిపోయింది.