ఒక సైజు పెద్దది

ఆదోనిలో ప్రభుదాసు ఆటవస్తువుల అంగట్లో, బల్ల మీద, సుప్రీత ముందు మూడు జతల స్కేట్స్ ఉన్నాయి. ఒకదానికి చక్రాలన్నీ ఒకే వరసలో ఉన్నాయి. ఇంకొకటి అడుగున ఇనుప పట్టీ లాగి పొడవు పెంచుకునేది. మూడోది మామూలు బూటులాగే ఉంది. ముందు రెండు చక్రాలు, వెనక రెండు, ముక్కు దగ్గర ఆగడానికి ఒక రబ్బరు ముక్క.

"పాపకేనా అక్కా?" అన్నాడు ప్రభుదాసు.

"నాకే."

అతను ఆమె ముఖం చూశాడు, కాళ్లు చూశాడు, మళ్లీ ముఖం చూశాడు. "మీకైతే తొందరేం లేదు, కూసోండి," అని ఫ్యాను ఇటు తిప్పాడు.

ముప్పై ఏడేళ్ల మనిషి స్కేట్స్ కొనడం వెనక ఒక ఉద్యోగం ఉంది. సుప్రీత వాళ్లుండే ఎమ్మిగనూరు చివర ఉన్న ప్రైవేటు స్కూల్లో స్కేటింగ్ నేర్పడానికి ఆదోని నుంచి హరికృష్ణ అనే కోచ్ వస్తాడు. జూన్ నుంచి ఆడపిల్లల బ్యాచ్ వేరే పెడుతున్నారు. స్కేటింగ్ చేసే రింకులో ఒక ఆడమనిషి ఉంటేనే పంపుతామని తల్లులు గట్టిగా చెప్పారు. పిల్లలకు పాఠం చెప్పనక్కర్లేదు. చక్రాల మీద నిలబడి, నాలుగు అడుగులు జారి, ఆగడం వస్తే చాలు. చిన్నపిల్లలను చెయ్యి పట్టి తిప్పాలి, పడితే లేపాలి. కూతురిని దింపడానికి వచ్చి మెట్ల మీద కూర్చునే తల్లుల్లో హరికృష్ణ సుప్రీతను అడిగాడు. పిల్లల బెల్టులు, లేసులు సరిగ్గా ఉన్నాయో లేదో అతని కంటే ముందు ఆమే చూస్తుందని అతను గమనించాడు.

డిగ్రీ అయినప్పటి నుంచి ఆమెను ఫలానా పనికి రమ్మని అడిగినవాళ్లు లేరు. వస్తానంది. స్కూలు తెరిచే ముందు కరస్పాండెంటు లక్ష్మప్ప వచ్చి స్వయంగా చూస్తాడు. ఆయనకు నచ్చకపోతే కర్నూలు నుంచి ఎవరినైనా పిలిపిస్తారు.

అందుకే ఆమె తొందరపడలేదు. ఒకే వరస చక్రాలది సన్నగా, అందంగా ఉంది, కానీ కదలకుండా నిలబడడమే కష్టం. పిల్లల మధ్య నిలబడడమే తన పని. పొడవు పెంచుకునే దాని మరలు పెద్దవాళ్ల బరువుకు వదులవుతాయి. మిగిలింది మూడోది. దాని చక్రం వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకుని విన్నది. గరగరమన్న చక్రాన్ని మార్పించింది. చక్రాల మీద గోరు నొక్కి చూసింది. రింకు సిమెంటు గరుకుగా ఉంది కాబట్టి మరీ గట్టివి వద్దని హరికృష్ణ చెప్పాడు. చీలమండ దగ్గర బూటు వంగుతోందేమోనని రెండు చేతులతో వంచింది. లేసు కొస ఊడిపోయిన జత పక్కన పెట్టింది.

"మీరు కూరగాయలకు పోతే ఆ అమ్మేటోళ్ల గతేమక్కా?" అన్నాడు ప్రభుదాసు.

"పుచ్చువి ఇస్తేనే భయం."

ఆమెది ఆరో సైజు. కాలు పెట్టి లేసు బిగించగానే రెండో వేలు చురుక్కుమంది. పెళ్లినాటి వెండి కాలుంగరాలు, మూడు చుట్లవి. బూటు ముందు భాగం చెక్కలాగా గట్టిగా ఉంది. అది ఉంగరాన్ని వేలిలోకి నొక్కుతోంది.

"ఆ మెట్టెలు తీసి సూడండక్కా."

"తీయకూడదు. మా అత్తమ్మ ఒప్పుకోదు."

ఆ మాట ఆలోచించకుండానే వచ్చేసింది. ప్రభుదాసు కూడా ఆలోచించలేదు. అలాంటి మాట రోజూ వినేదే.

"అట్లయితే ఏడు తీస్కోండి. ముందర ఇంత దూది కుక్కితే సరిపాయె. మా పిల్లోళ్లకు స్కూలు బూట్లు ఎప్పుడూ ఒక సైజు పెద్దవే కొంటా. ఏమయితాది?"

ఎదిగే కాళ్లకు పెద్దది కొనడం అందరికీ తెలిసిన తెలివి. తన కాళ్లు ఎదగడం ఆగి ఇరవై ఏళ్లయిందన్నది ఆమెకు ఆ క్షణాన తట్టలేదు. ఏడులో వేలు నొప్పి లేదు. అంత జాగ్రత్తగా చూసిన మనిషి అక్కడే సరేననేసింది.

మే నెలంతా పొద్దున్నే, ఎండ రాకముందే, ఆమె రింకుకు వెళ్లింది. తలకు హెల్మెట్, మోకాళ్లకు, మోచేతులకు, మణికట్టుకు ప్యాడ్లు. అత్తగారు శాంతాబాయి దీపానికి పూలవత్తులు చేసుకునే పత్తి డబ్బాలోంచి రోజుకింత తీసి బూటు ముక్కులో కూరేది. పత్తి నలిగి ఉండకట్టేది. మళ్లీ కొత్తది పెట్టేది.

నిలబడడం వచ్చింది. మోకాళ్లు వంచి, ముందుకు ఒరిగి, ఒక్కో కాలూ పక్కకు తోస్తూ నాలుగు గజాలు జారడం వచ్చింది. మలుపు దగ్గర మాత్రం ప్రతిసారీ మడమ బూటులో లేచేది, చీలమండ పక్కకు వాలేది. పడేది.

"భయం ఇడసండక్కా," అనేవాడు హరికృష్ణ. "కాలు మీద నమ్మకం పెట్టండి."

ఆమె నమ్మకం పెట్టింది. ఇంకా గట్టిగా పడింది. రాత్రి నడుముకు నూనె రాసుకుంటుంటే భర్త మాధవ్, "ఇంక సాల్లే. ఈ వయసులో ఇంత అవసరమా?" అన్నాడు. అతను మంచిగానే అన్నాడు. ఆమెకూ అదే అనిపించసాగింది. ఇది చిన్నప్పుడు నేర్చుకోవలసింది, తన వల్ల కాదు, లక్ష్మప్ప వచ్చి చూసి నవ్వుతాడు.

నెలాఖరుకు ముందు ఒకరోజు మలుపులో వెనక్కు పడి చెయ్యి ఆన్చింది. ప్యాడు ఉన్నా మణికట్టు వాచింది. హరికృష్ణ ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టి స్కేట్స్ విప్పబోతూ ఆగాడు. బూటు ముక్కు బొటనవేలితో నొక్కాడు. లోపలికి పోయింది.

"ఇదేందక్కా, లోపల ఖాళీగా ఉంది?"

"పత్తి ఉంది."

"పత్తా?"

ఆమె చెప్పింది. కాలుంగరాల సంగతి, ఏడో సైజు సంగతి. చివర మళ్లీ అదే మాట, "మా అత్తమ్మ ఒప్పుకోదు."

"నేను ఇన్నాళ్లూ మీకు భయమనుకుంటాండా," అన్నాడు హరికృష్ణ. "మీ కాలు ఒక పక్కకు పోతే బూటు ఒక పక్కకు పోతాంది. ఇంక ఎవరికైనా ఏం వస్తాది?"

బండి మీద ఇంటి దగ్గర దించి, ఆమె వద్దంటున్నా వినకుండా లోపలికి వచ్చాడు. శాంతాబాయి నడవలో కూర్చుని వత్తులు చేస్తోంది. మామగారు హనుమంతరావు పేపరు చదువుతున్నాడు.

"అమ్మా, ఒక మాట. కోపం చేసుకోవద్దండి," అన్నాడు హరికృష్ణ. "అక్కకు పని బాగా వస్తాంది. ఆ బూటే పెద్దది. మీరు మెట్టెల సంగతి కొంచెం పట్టు ఇడిస్తే సరైన సైజు తీసుకుంటాది."

శాంతాబాయి చేతిలో వత్తి ఆగింది. "నేనేం పట్టు పట్టినానప్పా?"

"చేతికి ఐస్ పెట్టుకుంటాను," అని సుప్రీత వంటింటి వైపు తిరిగింది.

"ఉండు. నేనేం పట్టు పట్టినాను?"

"అవి తీయకూడదని మీరు..." అని హరికృష్ణ సుప్రీతను చూశాడు.

"ఎవరు సెప్పినారు?"

హరికృష్ణ చూపు సుప్రీత మీదే ఉంది. శాంతాబాయే అందుకుంది.

"మోకాలి ఆపరేషన్‌కని కర్నూలు పోయినప్పుడు నర్సమ్మ ఒంటి మీద ఏమీ ఉండకూడదనె. కాలుంగరాలు తీసి ఈయన చేతిలో పెట్టినా. వేలికి పసుపు దారం కట్టుకున్నా. ఈయన వాటిని జేబులో వేసుకోని పోయి ఇడ్లీ తిని వచ్చినాడు."

హనుమంతరావు పేపరు దించాడు. "ఇడ్లీ కాదు. ఉగ్గాని."

"ఏదో ఒకటి. మనిషి గుండ్రాయి మాదిరి ఉన్నాడు. సూడప్పా, ఏమన్నా అయిందా?"

హరికృష్ణ నవ్వు ఆపుకుంటూ, క్లాసుకు టైమయిందని వెళ్లిపోయాడు. శాంతాబాయి మళ్లీ వత్తి చేతిలోకి తీసుకుంది. కోడలి వైపు చూడలేదు.

"పత్తి ఎందుకు తగ్గుతాందో ఇప్పుడు తెలిసె. నన్ను అడిగినావా?"

"పత్తి కొత్తది తెస్తాను అత్తమ్మా."

"పత్తి సంగతి కాదు."

"అడగలేదు."

"అడిగి, నేను కాదంటే, అప్పుడు నా పేరు సెప్పు. అడగకుండానే ఊరంతా నన్ను గయ్యాళిని చేస్తే ఎట్ల? ఆ అంగడాయనకూ ఇదే సెప్పినావా?"

"చెప్పినాను."

"అయితే నా పేరు ఆదోనికి కూడా పోయె," అంది శాంతాబాయి. ఆమె గొంతులో కోపం లేదు. నొచ్చుకున్నట్టుంది. అది ఇంకా కష్టంగా ఉంది.

ఐస్ ముక్కలు గుడ్డలో కట్టుకుని సుప్రీత పెరటి మెట్టు మీద కూర్చుంది. అత్తగారు కాదంటుందని అంత నమ్మకంగా ఎందుకనుకుంది? శాంతాబాయి మడి, పూజ, ఏకాదశి అన్నీ పట్టింపుగా చేస్తుంది, నిజమే. కానీ కోడలి కాళ్ల వంక ఏనాడూ తేరిపార చూడలేదు. చూసుకుంటున్నది తనే. కాలుంగరాలు లేని వేలు ఊహించుకుంటే తనకే ఏదో కీడు తోచింది. ఆ భయం తనదని చెప్పడానికి సిగ్గేసింది. డిగ్రీ చదివిన మనిషి కదా. అత్తగారి పేరు చెబితే ఇంక ఎవరూ ఏమీ అడగరు.

మరునాడు శాంతాబాయి కాఫీ లోటా ఎప్పటికంటే కొంచెం చప్పుడయ్యేలా పెట్టి వెళ్లింది. కాసేపటికి సుప్రీత వంటింటి కిటికీ ఊచలకు ఏదో వేలాడుతుండటం చూసింది. ఎదురింటి మగ్గం వాళ్ల దగ్గర తెచ్చిన సన్నటి నూలు పోగు. పసుపులో ముంచి ఆరేసి ఉంది.

"ఇది నాకా అత్తమ్మా?"

"కావాలంటే నీకు. లేకుంటే వత్తికి పనికొస్తాది."

సుప్రీత దాన్ని వెంటనే తీసుకోలేదు. ముందు మాధవ్‌ను అడిగింది. "నా వేలు కాదు గదా," అని అతను షర్టు ఇస్త్రీ చేసుకుంటూనే అన్నాడు. ఇంక అడగడానికి ఎవరూ మిగల్లేదు. బచ్చలింట్లో పీట వేసుకుని, సబ్బు నురగ పెట్టి, కాలుంగరాన్ని మెల్లగా తిప్పింది. మూడు చుట్లూ ఒక్కొక్కటే వదులయ్యాయి. కింద చర్మం తెల్లగా, నొక్కుకుపోయి ఉంది. కాసేపు అలాగే కూర్చుంది. ఏమీ కాలేదు. బయట పాలవాడు కేకేశాడు. రెండో కాలిది కూడా తీసి, కుంకుమ భరిణె పక్కన పెట్టి, అప్పుడు వెళ్లి దారం తెచ్చుకుని కట్టుకుంది. దారం కావాలనిపించింది, కట్టుకుంది. స్కేట్స్ విప్పినాక మళ్లీ ఉంగరాలు వేసుకుంటే సరి.

ఆ మధ్యాహ్నమే ఆదోని బస్సెక్కింది. గీతలు పడిన జతను ప్రభుదాసు అటూ ఇటూ తిప్పి చూసి, నేర్చుకునేవాళ్లకు అద్దెకిచ్చే వాటిలో వేస్తానని, కొంత డబ్బు కలిపిస్తే ఆరో సైజు ఇస్తానని అన్నాడు. ఆరు తొడిగి ఆమె బల్ల పట్టుకుని నిలబడింది. నిటారుగా ఉన్నప్పుడు వేళ్లు బూటు ముందును తాకుతున్నాయి. మోకాళ్లు వంచగానే కొంచెం వెనక్కు జరిగాయి. మడమ లేపబోయింది, లేవలేదు. వేరే కంపెనీ ఆరు కూడా తొడిగి చూసింది. దాని ముందు భాగం సన్నం, చిటికెన వేలు నొక్కింది. మొదటిదే తీసుకుంది.

"మీ అత్తమ్మ ఒప్పుకునిందా అక్కా?"

"ఆమె కాదనలేదన్నా. ఆమెను అడగకుండానే నేను ఆ మాట చెప్పినా. ఆమెదేం తప్పు లేదు."

"అయ్యో, మేమేమనుకుంటామక్కా," అన్నాడు ప్రభుదాసు.

"మీరు అనుకోరు. అయినా చెప్పాలి కదా."

లక్ష్మప్ప వచ్చే రోజుకు మణికట్టు వాపు తగ్గింది. ఆయన తెల్ల చొక్కాలో, గొడుగుతో, రింకు బయటే నిలబడ్డాడు. హరికృష్ణ నలుగురు చిన్నపిల్లలను ఆమెకు అప్పగించి పక్కకు జరిగాడు. అందరికంటే చిన్నది నందిని. అది చెయ్యి పట్టుకోనని సుప్రీత దుపట్టా కొస పట్టుకుంది.

"దుపట్టా కాదు తల్లీ, చెయ్యి."

"చెయ్యి చెమట."

"నీ చెయ్యి కూడా చెమటే. పట్టుకో."

దుపట్టాను నడుముకు బిగించి ముడి వేసి, సుప్రీత కదిలింది. మలుపు వచ్చింది. మడమ లేవలేదు. కాలు ఎటు ఒరిగితే బూటు అటే ఒరిగింది. ఇంత సులువైన దానికా నెలంతా ఏడ్చింది అనుకుంటుండగానే నందిని కాళ్లు ముందుకు జారి, చేతికి వేలాడి, కూలబడింది. సుప్రీత కూడా ముందుకు తూలింది. ముక్కు రబ్బరు నేలకు ఆన్చి ఆగింది. ప్యాడు ఉన్న మోకాలు కింద పెట్టి పిల్లను లేపింది. పిల్ల ఏడవాలా వద్దా అని ఆమె ముఖం చూసింది. ఆమె ముఖంలో ఏమీ లేకపోయేసరికి మానుకుంది.

లక్ష్మప్ప గొడుగు మూసి లోపలికి వచ్చాడు.

"ఫరవాలేదమ్మా. అయితే పొద్దున ఐదున్నరకే రావాల్సి ఉంటాది. పెద్దవాళ్లున్న ఇల్లు మీది. ఇంట్లో ఒప్పుకుంటారా?"

"మా అత్తమ్మ..." అని మొదలుపెట్టి సుప్రీత ఆగిపోయింది. ఐదున్నరకు నీళ్లు వస్తాయి, కాఫీ పెట్టాలి, కూతురిని లేపాలి. అవన్నీ తను అలా చేసుకోవాలనుకుని చేసేవే.

"ఇంట్లో ఎవరూ కాదనరు సార్. నాకే ఐదున్నరకు కుదరదు. ఆరింటికి వస్తాను."

"ఆరుకైతే ఎండ వస్తాది గదమ్మా."

"ఆరుకు రాదు సార్. ఏడుకు వస్తుంది. నెలంతా ఇక్కడే ఉన్నాను."

లక్ష్మప్ప హరికృష్ణ వైపు చూశాడు. హరికృష్ణ ఒక పిల్ల హెల్మెట్ బెల్టు సరిచేస్తున్నట్టు వంగాడు.

"సరే. ఆరు. ఆరంటే ఆరే."

సుప్రీత తల ఊపింది. గబుక్కున తిరగడం ఇంకా రాదు కాబట్టి, చిన్న చిన్న అడుగులు వేస్తూ పిల్లల వైపు తిరిగింది.