సేపలు, ఒకటి రెండు మూడు

గురువారం ఉదయం పదకొండుంబావుకి, మండల వనరుల కేంద్రంలో, నలభైమంది టీచర్ల ముందు కుసుమకుమారి తన పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారీ తప్పితే ఖాతా ఆగిపోతుందని గోడమీది తెరపై ఎర్రక్షరాలు వచ్చాయి.

ఆమెను అక్కడికి పిలిచింది నేర్చుకోవడానికి కాదు, నేర్పడానికి. డిజిటల్ బోధన మీద అరవై గంటల ఆన్‌లైన్ కోర్సులో మండలం మొత్తానికి ఆమెవే ఎక్కువ మార్కులు. తొంభై ఆరు. ఆ పరీక్షలు రాసింది ఆమె భర్త గిరిబాబు.

కోర్సు మొదలైన రోజు ఆమె ఫోను పట్టుకుని కూర్చుంది. టీచర్ ట్రైనింగ్ అయిన ఇరవై మూడేళ్లకి మళ్లీ చదువంటే అదే. మొదటి వీడియో సగంలో ఉండగా కుక్కర్ కూసింది. లేచి వెళ్లి స్టవ్ కట్టేసి వచ్చేసరికి ఫోను గిరిబాబు చేతిలో ఉంది. "అరవై గంటలు నువ్వు చదువుతూ కూర్చుంటే ఇంట్లో వంటెవరు చేస్తారు? నీవల్ల కాదులే," అన్నాడు. రెండు ఆదివారాలు వీడియోలు ముందుకి జరుపుకుంటూ అంతా పూర్తిచేశాడు. ఆ రెండు ఆదివారాలూ ఆమె అతనికి టీ పెట్టి ఇచ్చింది. అమ్మయ్య అనుకుంది కూడా. ఇప్పుడు నలభైమంది ముందు నిలబడితే ఆమెకి గుర్తొస్తున్నది ఆ అమ్మయ్యే.

గిరిబాబుకి ఫోను చేసింది. పక్కన మైకు ఆన్‌లో ఉందని చూసుకోలేదు.

"పాస్‌వర్డ్ తీసుకోవట్లేదండీ."

"పొద్దున్నే చెప్పానుగా. సేపలు, ఒకటి రెండు మూడు. మీ ఊరి మాటేనే, అదీ మర్చిపోయావా?"

హాలంతా వినబడింది. వెనక బెంచీలో ఎవరో నవ్వారు.

"అదే కొడుతున్నానండీ," అంది. అవతల ఫోను పెట్టేశాడు.

కుసుమకుమారిది సముద్రం ఒడ్డున భావనపాడు. తల్లి గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి చేపలు అమ్మింది. ఆ ఇంట్లో అందరూ సేపలే అనేవారు. పెళ్లయిన కొత్తలో విజయనగరంలో, అత్తవారింట్లో, "సేపల పులుసు వండనా?" అని అడిగింది. అత్త తాయారు పక్కింటావిడని కేకేసి పిలిచింది. "ఏదమ్మా, ఇంకోసారి అను. ఈవిడ కూడా వింటుంది." కుసుమకుమారి మళ్లీ అంది. ఇద్దరూ నవ్వారు, గిరిబాబూ నవ్వాడు. ఆ తర్వాత నెలరోజులు తలుపేసుకుని, అద్దం ముందు నిలబడి, 'చ' పలకడం నేర్చుకుంది. నేర్చుకున్నదాన్ని ఇరవై ఏళ్లుగా బళ్లో పిల్లలకి నేర్పుతోంది. నిరుడు మూడో తరగతిలో ఈశ్వరి అనే పిల్ల 'సేప' అని రాస్తే, బోర్డు దగ్గర నిలబెట్టి పదిసార్లు దిద్దించింది. ఆరోసారికి ఆ పిల్ల ఏడ్చింది.

శిక్షణ చూసుకుంటున్న హేమ దగ్గరకొచ్చింది. "ఏటి కొట్టారు మేడమ్? ఆ కన్ను బొమ్మ నొక్కండి, కనబడతాది."

నొక్కింది. గోడమీద 'చేపలు' అని పడింది, ఇంగ్లీషు అక్షరాల్లో, సీ హెచ్‌తో.

"సారు సేపలన్నారు కదా," అంది హేమ గొంతు తగ్గించి. "ఎస్ పెట్టండి."

ఎస్ పెట్టింది. తెరుచుకుంది. ఆమె ఫొటో, ఆమె పేరు, తొంభై ఆరు.

"ఇంక పాఠం ఎలా ఎక్కించాలో సూపించండి మేడమ్."

ఏ బటన్ తర్వాత ఏది నొక్కాలో గిరిబాబు రాసిచ్చిన చీటీ ఆమె పర్సులో ఉంది. పర్సు జిప్పు సగం తీసింది. మళ్లీ వేసేసింది. మైకు దగ్గరకి జరిగింది.

"ఈ కోర్సు నేను సదవలేదు. మా ఆయన సదివారు. మార్కులు ఆయనవి."

తను అన్న మాట తన చెవిన పడింది. దిద్దుకోలేదు. హాల్లో ఎవరూ నవ్వలేదు. వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చుంది. తల ఎత్తలేదు.

శుక్రవారం తన సర్టిఫికెట్ రద్దు చేయమని కాగితం రాసిచ్చింది. సోమవారం సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. "పరువు తీశావు," అన్నాడు గిరిబాబు. ఆమె తన ఖాతాలో అతని ఫోను నంబరు తీసేసి తనది పెట్టింది. పాస్‌వర్డ్ మార్చింది. కొత్తది ఏమిటని అడిగాడు. చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం కుక్కర్ ఎక్కించి, కోర్సు మళ్లీ మొదటినుంచి చదవడానికి ఫోను తీసుకుని గదిలోకి వెళ్లింది.

"మూడు కూతలయ్యాక కట్టెయ్యండి."

మొదటి పరీక్షలో ఆమెకి వందకి ముప్పై ఒకటి వచ్చాయి.