పన్నెండో కొవ్వొత్తి

సమాధుల పండుగ నాడు దెందులూరులో సమాధులన్నీ కొత్త సున్నంతో మెరుస్తున్నాయి. విజయకుమారికి సున్నం వెయ్యడానికి సమాధి లేదు. ఇరవై రెండేళ్ళ క్రితం ఆమె భర్త యోసేపు పనిచేసే బొగ్గుగనిలోకి నీళ్ళు తోసుకొచ్చాయి. పన్నెండు మంది పోయారు, ఒక్క శవమూ దొరకలేదు. అప్పటికామె పురుటికి పుట్టింట్లో ఉంది.

ఏటా ఈ రోజున పన్నెండు కొవ్వొత్తులు పట్టుకుని, చింతలపూడి దాటి చాలా దూరం బస్సులో వెళ్ళి, గని నోటి మీద పోసిన సిమెంటు పలకపై వెలిగించి వచ్చేది. మిగతావాళ్ళకి ఎవరూ రారు కదా అని, అందరి పేరునా.

రెండేళ్ళుగా పనులు జరుగుతున్నాయని లోపలికి పోనివ్వలేదు. ఈసారి కూతురు పెర్సిస్‌తో బస్సు దిగి చూస్తే అక్కడ పార్కు ఉంది. మట్టిదిబ్బల మీద పచ్చగడ్డి, జారుడుబండలు. పెద్ద గోతిలో నీళ్ళు, నీళ్ళ మీద బోట్లు.

"బోటెక్కుతారా అండీ?" అన్నాడు కాపలాదారు వీరాస్వామి.

"కొల్లేరు పక్కన పుట్టినోళ్ళకి బోటు టిక్కెట్టేంటండీ!" అని నవ్వింది పెర్సిస్.

"ఇక్కడ సిమెంటు పలక ఉండాలండీ..." అంది విజయకుమారి.

వీరాస్వామి గొంతు తగ్గించాడు. తనూ ఆ గనిలో పనిచేసినవాడే. పలక దగ్గర పేర్లు చెక్కిన రాయి పెట్టారనీ, దారి గనిలోకి దిగేవాళ్ళకి దీపాలిచ్చిన పాత గదిలోంచే అనీ చెప్పి, తనే తీసుకెళ్ళాడు.

గది గోడకి పెద్ద చెక్కబోర్డు. వరసగా మేకులు, మేకులకి నంబర్లు, వాటికి ఇత్తడి బిళ్ళలు.

"దిగేవాడు తన బిళ్ళ తీసుకుని దిగాలండి. పైకొచ్చాక తనే తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి లోపలున్నట్టే. ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉంచారండి. ఈ గది తాళం ఈ ఏడే తీశారు."

విజయకుమారి ఖాళీ మేకులు లెక్కపెట్టింది. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టింది. పదకొండే.

రెండువందల ఎనభై ఆరో మేకుకి బిళ్ళ ఉంది. దానికి ఎర్రదారం, మూడు ముళ్ళు. పెళ్ళిచీర అంచులోంచి ఆమే పీకి ఇచ్చిన దారం.

ఆమె ఆ ముళ్ళని వేలితో తడిమింది.

"ఇది... తర్వాత ఎవరన్నా తగిలించారా అండీ?"

"లేదండీ. ఎవరిదండీ?"

"మా ఆయనది."

వీరాస్వామి ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. "ఆ హడావుడిలో హాజరు పుస్తకం చూసి పేర్లు రాసేశారండి. బోర్డు ఎవరూ చూడలేదు."

"బిళ్ళ మర్చిపోయి దిగుంటారేమో?"

"బిళ్ళ లేందే దిగనివ్వరమ్మా. నీళ్ళు రాకముందే పైకొచ్చేశాడు."

ప్రమాదం తర్వాత చంటిపిల్లతో గని క్వార్టరుకి వచ్చిన రోజు గుర్తొచ్చింది ఆమెకి. ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా కొక్కేనికి లేదు. ఎవరో దొంగిలించారనుకుని, వాళ్ళని మనసులో తిట్టుకుంది కూడా.

"అమ్మా, మరి నాన్న ఏడీ?" అంది పెర్సిస్. విజయకుమారి సంచి తీసుకుని రాయి దగ్గరికి నడిచింది.

రాతి మీద పన్నెండు పేర్లున్నాయి. ఆమె ఒక్కో పేరూ చదువుతూ ఒక్కో కొవ్వొత్తి వెలిగించింది. యోసేపు పేరు దగ్గర వేళ్ళు ఆగాయి. అగ్గిపుల్ల చివరిదాకా కాలి చురుక్కుమంది.

పదకొండు వెలుగుతున్నాయి. పన్నెండోది తిరిగి సంచిలో పెట్టేసుకుంది.