వీపు ఆనించకుండా

గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూ కార్డు వచ్చిన రోజున నా ముందున్న పనులు ఇవి. సర్టిఫికెట్లకు నకళ్ళు రాయించి గెజిటెడ్ అధికారి సంతకం పెట్టించుకోవాలి. మంత్రుల పేర్లు, పంచవర్ష ప్రణాళిక సంగతులు బట్టీ పట్టాలి. స్నేహితుడు మద్దిలేటిని బూట్లు అడగాలి. అవి నాకు వదులు కాబట్టి ముందర గుడ్డపీలికలు కుక్కాలి. చొక్కా ఉతకడానికి ఎక్కడైనా నీళ్ళు సంపాదించాలి. ఆరాక, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేయాలి. చివరగా, కుర్చీలో కూర్చోవడం నేర్చుకోవాలి.

ఆ చివరిది మా అత్త తిమ్మక్క చేర్చిన పని. ఆమె మా నాయనకు అక్క. నాయన పోయాక కూలి చేసి నన్ను చదివించింది ఆమే. ఉరవకొండ దారిలో, మా ఊరి బయట అధికారులు దిగే ముసాఫరు బంగళా ఉండేది. అత్త అక్కడ కసువు ఊడ్చేది, కుర్చీలు తుడిచేది. క్యాంపుకు వచ్చిన అధికారుల ఎదుట ఎవరు ఎలా కూర్చుంటారో వరండాలో చీపురు పట్టుకుని చూసేది. కాలు మీద కాలేసుకున్న కాంట్రాక్టరు పని ఎలా చెడిందో నవ్వుతూ చెప్పేది.

ఊరికి దూరంగా ఉన్న మా పేటలో బి.ఏ. చదివినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. కాలేజీలో బెంచీల మీద కూర్చున్నాను గాని, అధికారి ఎదుట కుర్చీలో ఏనాడూ కూర్చోలేదు. పేటలో ఏ ఇంట్లోనూ కుర్చీ లేదు. మిషన్ బడి అయ్యవారిని బతిమాలి ఒకటి నెత్తిన పెట్టుకుని తెచ్చాను.

ఇంటర్వ్యూ ఆడి చూసుకోవడంలో దొర వేషం అత్తదే కాబట్టి, ముందు ఆమెనే కూర్చుని చూపించమన్నాను. ఆమె ఒప్పుకోలేదు. కొంగుతో కుర్చీ తుడిచి, తాను రోటి మీద కూర్చుంది.

"అంచున కూచోవద్దు, పారిపోయేటోడు అనుకుంటారు. వీపు మాత్రం ఆనించొద్దప్పా ఓబుళేసూ. మనోడు వీపు ఆనిస్తే వాళ్ళకు కడుపు మండుతాది."

కూర్చోమన్నాకే కూర్చోవాలని కూడా చెప్పింది. వాళ్ళు అనకపోతే ఏం చేయాలని అడిగాను.

"బి.ఏ. చదివినోన్ని ఎందుకనర్రా? అందుకే గదా చదివిచ్చింది."

అనంతపురంలో ఇంటర్వ్యూ జరిగే ఆఫీసు వరండాలో చాలామంది కూర్చుని ఉన్నారు. సగం తలుపుల పైనుంచి లోపలివాళ్ళ తలలు కనబడేవి. నాకు ముందు వెళ్ళినవాళ్ళందరూ కూర్చునే మాట్లాడారు.

నా వంతు వచ్చింది. లోపల ముగ్గురున్నారు. మధ్యనున్న పెద్దాయన కుర్చీ వైపు చెయ్యి చూపబోతుండగా, కళ్ళజోడాయన కార్డు చూసి, మీ ఇల్లు ఊళ్ళో ఏ వైపు అని అడిగాడు. చెప్పాను. పేట పేరు వినగానే పెద్దాయన చెయ్యి వెనక్కి పోయి కాగితాలు సర్దింది.

నిలబడే జవాబులు చెప్పాను. ప్రణాళిక అడిగారు, తుంగభద్ర కాలువ గురించి అడిగారు, ఇంగ్లీషులో ఒక ఉత్తరం అప్పటికప్పుడు చెప్పించారు. దేనికీ తడబడలేదు. పెద్దాయన గుడ్ అని కూడా అన్నాడు. బూట్లలో గుడ్డపీలికలు ఒకపక్కకు జరిగి కాలు నొప్పి పెడుతోంది. కుర్చీ నా మోకాలికి తగిలేంత దగ్గరలో ఉంది. అందుకే గదా చదివిచ్చింది అన్న మాట గుర్తొచ్చింది. కూర్చోవచ్చునా సార్ అని ఇంగ్లీషులో మర్యాదగా అడిగాను.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కూచోవయ్యా, దానికేం," అని పెద్దాయన ఫైలు మూసేశాడు.

కూర్చున్నాను. ఆ తర్వాత వాళ్ళు నన్నేమీ అడగలేదు. కాసేపటికి, ఇక పోవచ్చు అన్నారు.

ఫలితాలు గోడకు అంటించిన రోజు మళ్ళీ వెళ్ళాను. నా పేరు లేదు. బంట్రోతు ఎర్రిస్వామి నన్ను గుర్తుపట్టి పక్కకు పిలిచాడు.

"అందరికంటే నువ్వే బాగా చెప్పినావంటప్పా. ఆ ఒక్క మాట అడక్కపోయుంటే అయ్యేదేమో. ఇప్పుడే కుర్చీ అడిగినోడు రేపు ఇంకేమడుగుతాడో అనుకున్యారు."

ఇంటికొచ్చి దాచకుండా చెప్పాను. అత్త చాట పక్కన పెట్టి అంతా వింది.

"అయితే కూచుంటివా?"

"కూచుంటి."

"ఎట్ల కూచుంటివి?"

"నువ్వు చెప్పినట్లే. వీపు ఆనించకుండా."

ఆమె చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"ఆనించి కూచోవాల్సిందిరా. ఎట్లన్నా పోయే పనే గదా."

మరునాడు, అప్పటిదాకా ఇంట్లోనే ఉన్న కుర్చీని తిరిగి ఇవ్వడానికి బయల్దేరాను. ఒక్కసారి కూర్చోమని అత్తను అడిగాను. ఈ కుర్చీలతో తనకేం పనంటూ మళ్ళీ తుడిచి, నా నెత్తికెత్తింది.

కొన్నేళ్ళకు నాకు వేరే తాలూకాలో బడిపంతులు పని దొరికింది. అక్కడ నాకొక కుర్చీ ఉంది. ఆమెను తీసుకొచ్చి అందులో కూర్చోబెడదామనుకున్నాను గాని, నేను ఊరు చేరేటప్పటికే తిమ్మక్క లేదు. బంగళా వరండా ఊడుస్తూనే పడిపోయిందట.

మీరెప్పుడైనా ఇంటర్వ్యూకు పోతే, వాళ్ళు కూర్చోమంటే, కూర్చోండి. కూర్చున్నాక ఒక్క క్షణం మా అత్త తిమ్మక్కను తలచుకోండి. వీలైతే వీపు ఆనించి తలచుకోండి.